ఇంద్రావతి వెంట ఎగువకు

బస్తరులో ఉద్యోగం చేసే తెలుగు కుటుంబాలకు ఒక ఆనవాయితీ ఉన్నది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో అరకు సొరంగాలన్నీ దాటుకొని చుట్టాలు వచ్చారంటే, రెండవ రోజుకల్లా వారిని చిత్రకోట జలపాతానికి తీసుకొని వెళ్ళవలసిందే. జగదల్పూరుకు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఇంద్రావతీ నది గుర్రపు నాడా ఆకారంలో వంపు తిరిగి 29 మీటర్ల లోతుకు దూకుతుంది. వర్షాకాలంలో ఆ ధార వెడల్పు దాదాపు 300 మీటర్లు. ఎర్రమట్టి రంగు నీరు, లేచే తుంపరలు, ఆ హోరు చూచిన వారెవరూ మరచిపోలేరు. మన టౌన్‌షిప్ ఇళ్ళ ముందు గదులలో ఆ దృశ్యం ఫోటోగా లేని ఇల్లు అరుదు.

మా మావయ్యగారు ధవళేశ్వరం ప్రాంతీయులు. గోదావరి కాలువల మీద లస్కరుగా చేరి, వర్కు ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసినవారు. నీరు, తలుపులు, లాకులు తప్ప వారికి వేరే లోకం తెలియదు. ఒక ఏడాది మే నెలలో మా ఇంటికి వచ్చారు. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయి తాతయ్యకు చిత్రకోట గురించి ఎంతో చెప్పి, పట్టుబట్టి తీసుకొని వెళ్ళినది. తీరా చేరేసరికి కొండ అంచు పొడవునా నల్లని బండలు, వాటి మధ్య రెండు సన్నని ధారలు. అమ్మాయి ముఖం చిన్నబోయినది. "తాతయ్యా, నిజంగా చాలా పెద్ద జలపాతం. నేను అబద్ధం చెప్పలేదు" అన్నది. మావయ్యగారు దాని తల నిమిరి, నా వైపు తిరిగి ఒకే ప్రశ్న వేశారు.

"అల్లుడుగారూ, ఎగువన ఎక్కడైనా కట్ట కట్టారా?"

పదిహేనేళ్ళుగా బస్తరులో ఉంటున్నాను. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం నా దగ్గర లేదు. ఒడిశాలో ఏదో ప్రాజెక్టు ఉన్నదని మాత్రం విన్నాను. మన ఇంటి కొళాయిలో నీరు ఎక్కడి నుండి వస్తున్నదో తెలియని వాని పరిస్థితి నాది. ఆ కార్తీకమాసంలో మావయ్యగారు మళ్ళీ వచ్చినప్పుడు, ఆ కట్టను చూచి వద్దామని నేనే ప్రతిపాదించాను.

నది కథ

ప్రయాణానికి ముందు ఇంద్రావతిని గురించి కొంత చెప్పుకొనడం మంచిది. ఈ నది ఒడిశాలోని కలహండి జిల్లాలో, తూర్పు కనుమలలో థువామూల్ రాంపూర్ ప్రాంతాన పుట్టినది. నబరంగపూర్ మీదుగా బస్తరులో ప్రవేశించి, జగదల్పూరుకు తాగునీరు అందించి, చిత్రకోట వద్ద దూకి, బార్సూరు అడవుల గుండా పడమరకు సాగి, మహారాష్ట్ర సరిహద్దును ఒరుసుకొని, చివరకు భోపాలపట్నం దాపున భద్రకాళి వద్ద గోదావరిలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 535 కిలోమీటర్లు. గోదావరికి ఉన్న పెద్ద ఉపనదులలో ఇది ఒకటి. అంటే చిత్రకోటలో మనం చూచే నీరే కొన్నాళ్ళకు ములుగు జిల్లాలోని తుపాకులగూడెం సమ్మక్క బ్యారేజీని, భద్రాచలం స్నానఘట్టాలను దాటి ధవళేశ్వరం చేరుతుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుండి మావయ్యగారు ఇంద్రావతిని "మన ఏరు" అనడం మొదలుపెట్టారు.

నదికి ఒక పురాణగాథ కూడా ఉన్నది. ఇంద్రుడు, ఇంద్రాణి భూలోక విహారానికి వచ్చారట. ఇంద్రుడు ఉదంతి అనే సుందరిని చూచి మోహించి స్వర్గానికి తిరిగి పోనన్నాడట. దుఃఖించిన ఇంద్రాణి ఇక్కడే నదిగా మారి ఇంద్రావతి అయినదట. ఉదంతి వేరొక నదిగా వేరొక దిక్కుకు ప్రవహించినదట. నిజంగానే ఉదంతి అనే నది ఉన్నది. అది ఉత్తరాన తేల్ నదిలో కలిసి మహానదికి చేరుతుంది. ఈ కథను పాఠకులు గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాను. ముందు ముందు దీనితో పని పడుతుంది.

కోట్‌పాడ్ దారిలో

బచేలీ నుండి ముందురోజే జగదల్పూరు చేరి, తెల్లవారుజామున జీపులో బయలుదేరాము. మా డ్రైవరు జగదల్పూరు వాడు. హిందీతో పాటు హల్బీ, సరిహద్దుకు అవతలి పల్లెల మాట కూడా వచ్చినవాడు కావడం మాకు కలిసివచ్చినది. ఊరు దాటగానే కోతకు వచ్చిన వరిచేలు, గట్ల మీద ఇప్పచెట్లు. సరిహద్దు దాటి ఒడిశాలో ప్రవేశించగానే కోట్‌పాడ్. ఆల్ చెట్టు వేరు నుండి తీసిన ఎర్ర రంగుతో మిర్గాన్ నేతగాళ్ళు నేసే బట్టలకు ఈ ఊరు ప్రసిద్ధి. 2005లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. మా శ్రీమతి ఒక దుప్పటా కొన్నది. కాలయాపన అవుతున్నదని నేను తొందరపెట్టగా, "మీ కట్ట ఎక్కడికీ పోదు లెండి" అని సమాధానం వచ్చినది.

ఈ ప్రాంతంలోనే ఇంద్రావతికి మొదటి చిక్కు ఉన్నదని డ్రైవరు చెప్పాడు. దాని పేరు జోరా నాలా. ఇంద్రావతి నీటిలో ఒక భాగం బస్తరులోకి పోకుండా ఈ నాలాలోకి మళ్ళి, దక్షిణంగా కొలాబ్ నదిలో కలుస్తుంది. కొలాబునే మనం శబరి అంటాము. వేసవిలో నీరు తగ్గినకొద్దీ ఈ మళ్ళింపు బస్తరు రైతుకు బాధాకరమవుతున్నది. 2003లో రెండు రాష్ట్రాలూ కూర్చుండి, నాలా మొదట్లో నీటిని పంచే కట్టడం నిర్మించుకొనాలని అంగీకరించాయి. కట్టడం వచ్చినది కాని తగవు పూర్తిగా తీరలేదు. ఇసుక మేటలు ఒక పక్క, ఎండలు ఒక పక్క.

మావయ్యగారు విని, "శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీరు దారి తప్పినా చివరకు మన ఇంటికే వస్తుంది. బస్తరు వాళ్ళకే కష్టం" అన్నారు.

బొరిగుమ్మ, నబరంగపూర్ దాటిన తరువాత భూమి అలలు అలలుగా లేవడం మొదలైనది. కొండవాలుల నిండా పసుపుపచ్చని వలిసె పూలు. అరకు లోయలో మన వారు ఫోటోలు తీసుకొనే ఆ పూలే ఇక్కడ మైళ్ళ తరబడి, చూచేవారు లేకుండా పూచి ఉన్నాయి. తెంతులిఖుంటి మీదుగా ఖాతిగుడ చేరేసరికి ఉదయం పదకొండు గంటలైనది.

ఖాతిగుడ ఆనకట్ట

ఎగువ ఇంద్రావతి పథకంలో ఆనకట్ట ఒకటే కాదు, నాలుగు. ఇంద్రావతి మీద ఖాతిగుడ వద్ద ఒకటి, దాని ఉపనదులైన పొడగడ, కపూర్, మురాన్ల మీద ఒక్కొక్కటి. వీటికి తోడు కొండల మధ్య పల్లపు చోట్లను మూసే మట్టికట్టలు ఎనిమిది. అన్నీ కలిసి నీటిని ఒకే జలాశయంగా నిలుపుతాయి. నిండినప్పుడు దాని వైశాల్యం 110 చదరపు కిలోమీటర్లు. వాడుకొనదగిన నీరు 50 టి.ఎం.సి.లకు మించి ఉంటుంది.

ఖాతిగుడ వద్ద ఉన్నది గురుత్వ ఆనకట్ట. తన బరువుతోనే నీటిని ఆపే కట్టడమని అర్థం. నీటి లోతు పెరిగినకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది కనుక, అడుగున వెడల్పుగా, పైకి పోయినకొద్దీ సన్నగా ఉంటుంది. మధ్య భాగంలో వరద పోవడానికి అలుగు, దానికి ఉక్కు తలుపులు. కాపలాదారుకు మన గుర్తింపు కార్డులు చూపి, పై అధికారి అనుమతి వచ్చేవరకు అరగంట వేచి ఉండి, నిర్ణయించిన చోటి వరకు నడిచాము. ఒక వైపు కొండల దాకా నీలంగా నిండిన జలాశయం. గాలికి లేచే చిన్న అలల చప్పుడు తప్ప మరొకటి లేదు. రెండవ వైపు తలుపులన్నీ మూసి ఉన్నాయి. వాటి కింద నది అడుగు, తెల్లని బండలు, అక్కడక్కడ నీటి మడుగులు.

మావయ్యగారు తలుపుల అమరికను చాలాసేపు పరిశీలించి, "పని బాగా చేశారు. తలుపుల అంచుల నుండి కారుడు లేదు" అన్నారు. నలభై ఏళ్ళు కాలువల మీద పనిచేసిన వారి మెచ్చుకోలు అది.

తరువాత దిగువకు పోయే కాలిబాట వెంట నదిలోకి దిగాము. సాలవృక్షాల నీడలో ఎర్రమట్టి దారి. పశువులు నడిచి నడిచి ఏర్పడినది. అడవి మొల్లల వాసన. మా అమ్మాయి చెప్పులు చేత పట్టుకొని నదిలో నిలబడినది. నీరు చీలమండల వరకు వచ్చినది.

"తాతయ్యా, చిత్రకోటకు పోయే నీళ్ళు ఇవేనా?"

"ఇవీ కొన్ని అమ్మా. దారిలో ఇంకా చాలా వాగులు కలుస్తాయి" అన్నారు మావయ్యగారు. అది నిజమే. ఈ ఆనకట్టలకు ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతం సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు మాత్రమే. భాస్కెల్ వంటి ఉపనదులు దిగువన కలుస్తాయి. వానాకాలంలో చిత్రకోటకు ఆ బలం చాలు. ఆ వాగులు ఎండిపోయిన వేసవిలోనే ఎగువ నీటి లోటు తెలుస్తుంది. 2019 వేసవిలో చిత్రకోట ఇంచుమించు పూర్తిగా ఎండిపోయినదని పత్రికలు వ్రాశాయి.

కనిపించని జలపాతం

అయితే జలాశయంలోని నీరంతా ఎక్కడికి పోతున్నది? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ ప్రయాణంలో నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచినది.

ఇంద్రావతి ఇక్కడ ఎత్తైన పీఠభూమి మీద ప్రవహిస్తున్నది. కొండల ఉత్తరపు అంచు దాటితే కలహండి మైదానం చాలా లోతున ఉన్నది. అక్కడ హతి అనే నది పారుతున్నది. ఇంజనీర్లు ఆ కొండను తొలిచి నాలుగు కిలోమీటర్లకు పైగా సొరంగం వేసి, ఇంద్రావతి నీటిని అవతలి వైపు ముఖిగుడ విద్యుత్ కేంద్రానికి దింపారు. నీరు దిగే ఎత్తు మూడున్నర వందల మీటర్లకు పైగా. చిత్రకోటలో నది దూకేది 29 మీటర్లు. దానికి పదిరెట్లు మించిన జలపాతం ఇక్కడ కొండ కడుపులో, ఉక్కు గొట్టాలలో, ఎవరికీ కనిపించకుండా దూకుతున్నది. ఒక్కొక్కటి 150 మెగావాట్ల సామర్థ్యం గల నాలుగు యంత్రాలు తిరిగి 600 మెగావాట్ల విద్యుత్తు వస్తుంది. మొదటి యంత్రం 1999లో, చివరిది 2001లో పనిలోకి వచ్చాయి. బయటకు వచ్చిన నీటిని హతి నది మీది బ్యారేజీ నుండి కాలువలలోకి మళ్ళించి కలహండి పొలాలకు ఇస్తున్నారు. పథకం ఆయకట్టు లక్ష హెక్టార్లకు మించినది.

ఆ హతి నది పోయి తేల్ నదిలో కలుస్తుంది, తేల్ మహానదిలో కలుస్తుంది. గోదావరికి పోవలసిన నీరు మహానదికి పోతున్నదన్న మాట. ఇంద్రాణి అలిగి విడిపోయిన ఉదంతి కూడా కలిసేది ఆ తేల్ నదిలోనే. పురాణం వేరు చేసిన రెండు నదులను సొరంగం కలిపినది.

ఇది విని మా శ్రీమతి, "అయితే మన నీళ్ళు వాళ్ళు తీసుకొన్నట్లే కదా" అన్నది. నాకూ అదే తోచినది. మావయ్యగారు వెంటనే ఒప్పుకొనలేదు.

"కలహండి అంటే ఏమి గుర్తుకు వస్తుందమ్మా? కరువు. 1980లలో పేపరు తీస్తే ఆకలి చావుల వార్తలే. మా ధవళేశ్వరం ఆనకట్ట రాకముందు గోదావరి జిల్లాలూ అంతే. 1833 ప్రాంతంలో వచ్చిన కరువు గురించి మా తాతలు కథలు కథలుగా చెప్పేవారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాకనే మా వైపు అన్నం పుట్టినది. ఏటిని ఆపి అన్నం తిన్నవాళ్ళం మనం. ఇంకొకరు ఆపితే తప్పని ఎట్లా అంటాము?"

కొంచెం ఆగి మళ్ళీ వారే అన్నారు: "కాని దిగువ వాడి వాటా దిగువ వాడికి చేరాలి. అది కాలువ ధర్మం."

వాటా కాగితం మీద ఉన్నది. 1975 డిసెంబరులో ఒడిశా, నాటి మధ్యప్రదేశ్ ఒక ఒప్పందం చేసుకొన్నాయి. దాని ప్రకారం సరిహద్దు వద్ద ఇంద్రావతిలో ఏటా 45 టి.ఎం.సి.ల నీరు బస్తరు వైపుకు రావాలి. 1980 నాటి గోదావరి ట్రిబ్యునల్ తీర్పులో, అంటే మనం బచావత్ తీర్పు అనే దానిలో, ఈ ఒప్పందం చేరినది. చిక్కల్లా "ఏటా" అన్న మాటలో ఉన్నది. వానాకాలపు వరదలోనే ఆ లెక్కలో పెద్ద భాగం నిండిపోవచ్చును. అప్పుడు మే నెలలో నది ఎండినా లెక్క తప్పినట్లు కాదు. మన ఉద్యోగుల భాషలో చెప్పాలంటే, ఏడాది జీతమంతా జూలై నుండి అక్టోబరు లోపల ఇచ్చివేసి, మిగిలిన ఎనిమిది నెలలూ సర్దుకొమ్మన్నట్లు. ఇంట్లో దాచుకొనే డబ్బాకు వీలున్నది. నదికి ఆ డబ్బా ఆనకట్టే, అది ఎగువ వారి చేతిలో ఉన్నది.

నీటి అంచున

మధ్యాహ్నం ఒక ఉసిరిచెట్టు కింద వనభోజనం చేశాము. పులిహోర, దద్దోజనం ఇంటి నుండి తెచ్చుకొన్నవే. తరువాత జలాశయం ఒడ్డున కాలిబాట వెంట ఒక గంట నడిచాము. ఈ బాటలు పర్యాటకుల కోసం వేసినవి కావు. చేపలు పట్టేవారు, కట్టెలకు పోయేవారు, సంతకు పోయేవారు నడిచేవి. కొన్ని బాటలు తిన్నగా వచ్చి నీటిలో దిగి ఆగిపోతాయి. మా అమ్మాయి అట్లాంటి దానిని చూచి, "నీళ్ళలోకి దారి ఎందుకు వేశారు?" అని అడిగినది.

అక్కడ దోనె ఒడ్డుకు లాగుతున్న ఒక వృద్ధుడు సమాధానం చెప్పాడు. మా డ్రైవరు మాట కలిపి మాకు వినిపించాడు. ఆ దారి అతని ఊరికి పోయేది. ఊరు నీటి కింద ఉన్నది. వేసవిలో నీరు బాగా తగ్గినప్పుడు ఒక మిట్ట బయటపడుతుందట. అది తమ ఊరి వైపు నేల అని గుర్తుపట్టి, అటు పోయే రోజులలో దోనెను ఒక నిమిషం ఆపుతాడట. అతడు ఎవరినీ నిందించలేదు. మావయ్యగారు చుట్ట ఇచ్చారు. ఇద్దరూ భాష తెలియకుండానే కొంతసేపు నీటిని చూస్తూ కూర్చున్నారు.

ఈ పథకం కింద ముంపునకు గురైన గ్రామాలు వందకు దగ్గర. 1991 జూలైలో నిర్మాణ దశలో ఉండగా వరద నీరు సొరంగంలోకి చొరబడి పనివారు ప్రాణాలు కోల్పోయారు. ప్రాజెక్టులలో బ్రతుకుతున్న మన వంటి వారికి "విస్థాపితులు", "ప్రమాదం" అన్నవి ఫైళ్ళలో తరచు కనిపించే మాటలు. నీటిలోకి దిగిపోయే ఒక కాలిబాట ముందు నిలబడినప్పుడు వాటి అర్థం వేరుగా తెలిసినది.

బార్సూరు శాసనం

తిరుగు ప్రయాణంలో మరునాడు చిత్రకోటకు పోయాము. కార్తీకపు నీరు తెల్లగా, నిండుగా దూకుతున్నది. మా అమ్మాయి గట్టు మీద నిలబడి తాతయ్యకు గర్వంగా చూపించినది. మే నెలలో పోయిన దాని మాట ఆ రోజు నిలబడినది. నేను మాత్రం ఆ నీటిలో ఏది భాస్కెల్ నీరో, ఏది ఖాతిగుడ బండల మధ్య మా అమ్మాయి పాదాలు తడిపిన నీరో అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఇంటికి పోయే దారిలో గీదం వద్ద ఉత్తరానికి మళ్ళి బార్సూరు చూచాము. ఇంద్రావతి ఒడ్డుకు దగ్గరగా, ఛిందక నాగవంశపు రాజుల కాలపు దేవాలయాలు ఉన్న ఊరు ఇది. జంట గణపతులు, మామా-భాంజా గుడి, ముప్ఫై రెండు స్తంభాల బత్తీసా గుడి మన వారిలో చాలామంది చూచే ఉంటారు. కాని ఇక్కడ దొరికిన ఒక శాసనం సంగతి చాలామందికి తెలియదు. క్రీ.శ. 1060 నాటిది. నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడు, తెలుగు చోడ వంశీయుడు చంద్రాదిత్యుడు బార్సూరులో శివాలయం కట్టించి, ఒక చెరువు తవ్వించి, దానికి చంద్రాదిత్య సముద్రమని పేరు పెట్టినట్లు అందులో ఉన్నది. ఆ శాసనం తెలుగులో ఉన్నది. ఓరుగల్లు పతనానంతరం కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు బస్తరుకు వచ్చాడని చెప్పుకొంటాము కదా, అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఇక్కడ తెలుగు అక్షరం చెక్కినది ఒక చెరువు కోసం.

ఈ బార్సూరు దాపుననే ఇంద్రావతి మీద బోధ్‌ఘాట్ పేరుతో మరొక పెద్ద ఆనకట్ట ప్రతిపాదన దశాబ్దాలుగా ఉన్నది. అడవి, ఊళ్ళు మునుగుతాయన్న అభ్యంతరాలతో ఆగుతూ, మళ్ళీ లేస్తూ వస్తున్నది. దానిపై తీర్పు చెప్పగల జ్ఞానం నాకు లేదు. అయితే మన బైలడిల్లా కొండల నీరు కూడా శంకిని, డంకిని నదుల ద్వారా ఈ ఇంద్రావతికే చేరుతున్నది. మనం కూడా ఈ నదికి ఎగువ వారమే. మనం వాడే నీరు, వదిలే నీరు దిగువన ఒక ఊరి వాటాలో చేరే ఉంటుంది.

చెరువు గట్టున కూర్చుండి మావయ్యగారు అన్నారు: "చంద్రాదిత్యుడు చెరువు తవ్వించి తన పేరు చెక్కించుకొన్నాడు. ఆ పెద్దకట్ట దగ్గర మునిగిన ఊళ్ళ పేర్లు కూడా ఎవరైనా రాతి మీద చెక్కిస్తే బాగుండును అల్లుడుగారూ. ఆ దోనె అతను వేసవి దాకా ఆగనక్కరలేదు."

మా అమ్మాయి తన నోటుపుస్తకంలో అది వ్రాసుకొన్నది.

యాత్రకు వెళ్ళదలచిన మిత్రులకు ఒక మాట. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. జగదల్పూరు నుండి తెల్లవారుజామున బయలుదేరితే ఖాతిగుడ చూచి రాత్రికి తిరిగి రావచ్చును. ఆనకట్ట మీదికి అనుమతి లేకుండా పోరాదు, ఫోటోలు తీయరాదు. విద్యుత్ కేంద్రం చూడదలచినవారు ముందుగా వ్రాసి అనుమతి తీసుకొనాలి. ఆహారం, తాగునీరు వెంట తీసుకొని పోవడం మంచిది. ఇకపై చుట్టాలను మే నెలలో చిత్రకోటకు తీసుకొని పోయినప్పుడు, బండలు మాత్రమే కనిపిస్తే వారికి ఖాతిగుడ కథ చెప్పండి.